తోంగ్‌పాల్ దాకా చుక్క పడకుండా

మెకానిక్ పని నుంచి నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. సన్మాన సభ జరగలేదు, శాలువా కప్పలేదు. నా పాత చొక్కాతో గ్యారేజీలో ఇప్పటికీ చేతులు తుడుచుకుంటున్నారని విన్నాను, దాన్నే శాలువా కింద జమకట్టుకున్నాను. ఇప్పుడు పొలాల్లో సోలార్ పంపులు బిగిస్తున్నాను. సోలార్ పంపుకి బానెట్ ఉండదు. ఆ ఒక్క సుగుణం చూసే చేరాను.

ఈ మధ్య ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు కొందరు "అన్నా, మీ అనుభవం రాసివ్వండి" అన్నారు. నాకూ వాళ్లకూ పదేళ్ల తేడా కూడా లేదు. కానీ అనుభవం అనే మాట చెవిన పడితే చాలు, ఎవడికైనా గొంతు బరువెక్కి చేతులు వెనక్కి వెళ్లిపోతాయి. నాకూ అదే అయింది. గెలిచిన కథలు కావాలంటే మా ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి తమ్ముళ్లూ. అడగాల్సిన పని కూడా లేదు, ఎదురుగా కూర్చుంటే చాలు. నా దగ్గరున్నది ఒక పాత కారు, ఒక లీకు, ఇరవై రోజులు.

మా గ్యారేజీ సరిహద్దు ఊరు కోంటాలో, హైవే పక్కన రేకుల షెడ్డు. ఉస్తాద్‌ది గోదావరి వైపు. ఉద్యోగమంతా కిరందుల్ గనుల్లో, డంపర్ల వర్క్‌షాపులో. డంపర్ టైరు మనిషికన్నా ఎత్తుంటుంది. జీవితమంతా అలాంటి టైర్ల నీడన టీ తాగిన మనిషి రిటైరై వచ్చి కార్లు బాగుచేయడం మొదలుపెడితే ఏనుగుల డాక్టరు కోళ్లకు వైద్యం చేసినట్టుంటుంది. జలుబు చేసిన కోడిని తీసుకెళ్లినా ముందు దంతాలు పరీక్షిస్తాడు.

ఆ కారు మా మామది. సొంత మామ కాదు. మా వైపు యాభై దాటిన ప్రతి డ్రైవరూ మామే, వాళ్లకు మేమంతా అల్లుళ్లమే. ఈ చుట్టరికానికి పెళ్లితో పనిలేదు. మనిషిది మరైగూడ. ఆ పాత డీజిల్ కారుని కోంటా నుంచి సుక్మాకి, సంత రోజుల్లో సుక్మా దాటి తోంగ్‌పాల్ దాకా, షేర్ టాక్సీగా నడిపేవాడు. దాన్ని తయారుచేసినవాళ్లు ఏడుగురు కూర్చుంటారనుకున్నారు. పాపం, వాళ్లు సంత రోజున ఇటు ఎప్పుడూ రాలేదు. పన్నెండు మంది మనుషులు, వాళ్ల చింతపండు బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు అందులో పట్టేవి. ఆర్‌సీ మాత్రం అత్త పేరు మీద ఉంది. అంటే బండి ఆమెది, స్టీరింగ్ ఆయనది. ఆ ఇంట్లో అన్నీ అలాగే పంచుకున్నారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఎర్రబోర్ దగ్గర రేడియేటర్ పైగొట్టం పగిలింది. ఆవిరి లేచింది. జనం దూకారు. ఒక కోడి కట్లు తెంపుకుని అడవిలోకి పోయి అక్కడే స్థిరపడిందని చెబుతారు. బండిని తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు. ఉస్తాద్ కొత్త గొట్టం వేసి, రెండు క్లిప్పులు బిగించి, ఆకుపచ్చ కూలెంట్ నింపి, అరగంటలో పంపించేశాడు. కథ అక్కడ అయిపోవాల్సింది.

మూడో రోజు మామ మళ్లీ వచ్చాడు.

"అల్లుడా, ఇంక కారుతనే ఉన్నది."

"ఎక్కడ మామా?"

"ఎక్కడో తెలిస్తే నీ కాడికి ఎందుకొస్త?"

న్యాయమే. కిందకి దూరి చూశాను. ఇంజన్ ఎడమవైపంతా తడి. గాలికి ఎగిరి గొట్టం మీద, పంపు మీద, స్టార్టర్ మీద, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ తడి. ఉస్తాద్ వేలితో ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకున్నాడు. "తియ్యగా ఉంది. కూలెంటే" అని తీర్పిచ్చాడు. తమ్ముళ్లూ, ఈ పరీక్ష మీరు చేయకండి, అది విషం. ఉస్తాద్ వెంటనే ఉమ్మేసి, పుక్కిలించి, ఇంత వక్కపొడి వేసుకుని తనను తానే డిశ్చార్జ్ చేసుకున్నాడు.

అక్కణ్ణుంచి వైద్యం మొదలైంది. కింది గొట్టం మార్చాం. వాటర్ పంపు మార్చాం. రేడియేటర్‌ని జగ్దల్‌పూర్ పంపి అతుకు వేయించాం, అతుకు మీద నమ్మకం చాలక మొత్తం రేడియేటరే మార్చాం. మధ్యలో మామ ఎవరో చెప్పారని గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటర్‌లో పోశాడు, చిల్లి పూడుతుందని. చిల్లి సంగతేమో గానీ, ఇంజన్ వేడెక్కినప్పుడల్లా బండి నుంచి తాలింపు వేయని పప్పు వాసన వచ్చేది. ప్రయాణికులు దోర్నాపాల్ రాకముందే సద్దిమూటలు విప్పేసేవారు.

అన్నిటికన్నా వింత పొద్దుటి పూట జరిగేది. రాత్రి బండి షెడ్డులోనే ఉండేది. కింద పాత పేపర్లు పరిచేవాణ్ణి. తెల్లారి చూస్తే పేపర్లు పొడి. కానీ రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలో నాలుగు వేళ్ల నీళ్లు తగ్గిపోయి ఉండేవి. చుక్క కారలేదు, నీళ్లు లేవు. ఉస్తాద్ పేపర్లను అనుమానించాడు. "ఇది హిందీ పేపరా, తెలుగు పేపరా?" అని కూడా అడిగాడు. ఏది పరిస్తే లీకు బయటపడుతుందనుకున్నాడో నాకిప్పటికీ తెలియదు.

తగ్గినంతా మామ మళ్లీ నింపేవాడు, బండి తీసేవాడు, మధ్యాహ్నానికి కింద తడి. దారిలో జనం ఆ బండిని చూసి చెయ్యెత్తడం మానేశారు.

పద్దెనిమిదో రోజున అత్త వచ్చింది. షెడ్డు బయట చెప్పులు విడవలేదు. అంటే కూర్చోవడానికి రాలేదు.

"ఏంది ఉస్తాదూ, నా బండి ఇక్కడనే కాపురం పెట్టిందా?"

"వైద్యం జరుగుతోందమ్మా" అన్నాడు ఉస్తాద్.

"పద్దెనిమిది రోజులా? ఇంతలో మా చెల్లె కానుపు చేసుకుని, పిల్లకు పేరు బెట్టి, ఇంటికి బోయింది."

"చిన్న బండే గానీ అమ్మా, రోగం లోతుగా ఉంది."

"లోతు నాకొద్దు. శుక్రవారం జగ్దల్‌పూర్ నుంచి పాత ఇనుము కొనే కబాడీవాలా వస్తడు. లారీ తెస్తన్నడు. తూకానికి ఇచ్చేస్త." మామ వైపు తిరగకుండానే వేలు ఆయన వైపు చూపించింది. "ఈయన మా తమ్ముని టెంట్ హౌసుల చేరుతడు. మాట్లాడిన."

మామ అప్పటిదాకా టైరు మీద కూర్చుని ఉన్నాడు. అలాగే ఉన్నాడు, కానీ టైరులో గాలి పోయినట్టయింది. టెంట్ హౌస్ అంటే పెళ్లిళ్లకి కుర్చీలు దించడం, వేయడం, తీయడం, ఎక్కించడం. ఒకప్పుడు తన సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన బామ్మర్ది చేత, యాభై మూడేళ్ల వయసులో "బావా, ఆ వరస వంకరపోయింది, మళ్లీ వెయ్" అనిపించుకోవడం. అదీ "డ్రైవర్ సాబ్" అని తనను పిలిచే దారిలోనే, అదే జనం ముందు. నేను ఏదో జోకు వేద్దామని నోరు తెరిచి, మామ మొహం చూసి మూసుకున్నాను. నా వృత్తి జీవితంలో అలా జరగడం అదే మొదటిసారి.

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క అవకాశం ఇవ్వమ్మా. గురువారం నువ్వే రా. తోంగ్‌పాల్ దాకా వెళదాం. అక్కడ బండి కింద చుక్క పడితే నీ ఇష్టం."

"చుక్క అంటే చుక్కే ఉస్తాదూ. మళ్ల అది చెమట, ఇది మంచు అనద్దు."

"అననమ్మా."

"కంచం తెస్త" అని వెళ్లిపోయింది.

ఇప్పుడొక నేరం ఒప్పుకోవాలి. గురువారం పొద్దున్నే వచ్చి డబ్బా మూత తీశాను. నీళ్లు కాస్త కిందికున్నట్టనిపించి మూతి దాకా పోశాను. మామ బతుకు కదా, జాగ్రత్త మంచిదనుకున్నాను. నాకు తెలియని విషయమేమిటంటే, నాకన్నా ముందే మామ పోసి వెళ్లాడు. నాకూ ఆయనకూ తెలియని విషయమేమిటంటే, నేను టీకి వెళ్లగానే ఉస్తాద్ కూడా పోశాడు. ఆయన పోసింది ఇక పట్టే చోటు లేక కిందకి పోయింది. అత్త ఐదు లీటర్ల నీళ్ల క్యాను, స్టీలు కంచం పట్టుకుని వచ్చేసరికి, ఇంజన్ ఇంకా స్టార్టు కాకముందే బండి కింద తడి.

"ఇదేంది?"

"బండి కడిగామమ్మా" అన్నాడు ఉస్తాద్.

ఆమె దుమ్ము కొట్టుకుపోయిన బండిని తలనుంచి కాలిదాకా చూసి, ముందు సీట్లో కూర్చుంది.

తోంగ్‌పాల్ దారి మీకు తెలిసిందే. పదేపదే నాకాలు, అంటే చెక్‌పోస్టులు. ప్రతి నాకా దగ్గర బండి ఆపాలి, డిక్కీ తెరవాలి, బానెట్ ఎత్తాలి, జవాను లోపలికి తొంగిచూడాలి. మొదటి నాకాలో బానెట్ ఎత్తగానే, ఎలాగూ ఎత్తాం కదా అని మామ క్యానులోంచి ఇంత నీళ్లు డబ్బాలో పోశాడు. రెండో నాకాలో జవాను మామను గుర్తుపట్టాడు.

"చాచా, గాడీ ఫిర్ ప్యాసీ?" అని, బండికి మళ్లీ దాహమేసిందా అన్నట్టు నవ్వి, తన సీసాలో నీళ్లు తనే పోశాడు. ఎక్కడో దూరాన్నుంచి వచ్చిన కుర్రాడు. నెల రోజులుగా చూస్తున్న ముసలి బండి మీద అభిమానం పెరిగినట్టుంది.

దోర్నాపాల్‌లో టీ హోటల్ ఆవిడ ఇంకా నయం. మా వైపు గడపలోకి మనిషి వస్తే ముందు చెంబుతో నీళ్లిస్తారు, మాటలు తర్వాత. ఆవిడ చెంబుతో వచ్చి మాకు ఇవ్వకుండా నేరుగా బానెట్ దగ్గరికి వెళ్లింది. ఆ దారిలో అందరికీ తెలుసు, ఇంటికొచ్చిన ఆ ఐదుగురిలో ఎక్కువ దాహం ఎవరిదో. ఐదుగురు కాదు, మేం నలుగురమే. బండిని కూడా మనిషి కింద లెక్కేయడం నాకూ అలవాటైపోయి లెక్క తప్పుతోంది.

ఆగిన ప్రతిచోటా అత్త దిగి కంచం కింద పెట్టేది. ప్రతిచోటా టప్ మని శబ్దం. ఆమె కంచంలోకి చూసి, మామను చూసి, కంచం తుడుచుకుని ఎక్కేది.

సుక్మా ఊరి బయట ఉస్తాద్ బండి ఆపించాడు. టోపీ లేదు గానీ, ఉంటే తీసేవాడు. "ఇంజన్ హెడ్డు పగిలిందమ్మా. నాకిప్పుడు అర్థమైంది. డంపర్లలో ఇలాంటిది ఒకటి చూశాను. ఆ డంపర్ కూడా..." అని ఆకాశం వైపు చూశాడు.

మామ గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "ప్లాస్టిక్ కుర్చీలైతే ఒకదాంట్లొకటి పెట్టి పది దాకా మోయొచ్చంట" అన్నాడు. "బరువుండయంట."

ఎండ నెత్తిమీద మాడుస్తోంది. అత్త తాగుదామని క్యాను ఎత్తింది. తేలిగ్గా లేచింది. ఊపి చూసింది.

"పొద్దుగాల నిండ తెచ్చిన. ఎవరు తాగిన్రు?"

ఎవరూ తాగలేదు. మామ బానెట్ వైపు చూశాడు.

"దానికే పోసిన."

"ఐదు లీటర్లూ?"

"కారుతున్నది కదనే, పొయ్యకపోతే ఎట్ల?"

"ఇంకెవరు పోసిన్రు?"

"పొద్దున నేనొకసారి పోశానత్తా" అన్నాను.

ఉస్తాద్ దగ్గాడు. "నేను... ఊరికే సరిచూశాను."

"ఎంతవరకు పోసిన్రు?"

"నిండా."

"నిండా అంటే?"

"మూతి దాకా అత్తా."

ఆమె బానెట్ ఎత్తమంది. ఎత్తాను. డబ్బాను చూసింది, ముగ్గురినీ వరసగా చూసింది. తర్వాత చిన్నపిల్లల్ని అడిగినట్టు అడిగింది.

"ఎసరు గిన్నె మూతి దాకా పోసి పొయ్యి మీద పెడితే ఏమైతది?"

డంపర్ల వర్క్‌షాపు ఆకాశం వైపు చూసింది. నా ఐటీఐ సర్టిఫికెట్ నేల వైపు చూసింది. చివరికి మామే నెమ్మదిగా అన్నాడు. "పొంగుతది."

"పొంగితే గిన్నెకు చిల్లి పడ్డదంటరా ఎవలన్న?"

తమ్ముళ్లూ, మీ పుస్తకంలో ఉన్నది ఇదే, కాకపోతే రెండు పేజీలుంటుంది. ఇంజన్ వేడెక్కితే రేడియేటర్‌లో నీళ్లు ఉబ్బి ఆ ప్లాస్టిక్ డబ్బాలోకి వస్తాయి. చల్లారితే డబ్బాలోంచి మళ్లీ రేడియేటర్‌లోకి పోతాయి. అందుకే డబ్బాలో ఖాళీ ఉంచాలి. ఎంత ఉంచాలో దాని మీదే రెండు గీతలుంటాయి. ఉస్తాద్ మెడలోని గమ్చా తువ్వాలు డీజిల్‌లో ముంచి డబ్బాను రుద్దాడు. పొగాకు రంగుకి తిరిగిన ప్లాస్టిక్ మీద గీతలు మెల్లగా పైకి తేలాయి. పై గీత మూతికి బెత్తెడు కింద ఉంది. ఆ బెత్తెడూ మేం ఇరవై రోజులుగా నింపుతున్నాం. వేడికి పొంగి రోడ్డు మీద పడితే లీకన్నాం. రాత్రి చల్లారి లోపలికి పోతే మాయమన్నాం. పొద్దున్నే మళ్లీ నింపాం.

ఉస్తాద్ అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఒరేయ్" అన్నాడు నాతో, చాలా చిన్నగా. "మనం దీన్ని మొదటి రోజే బాగుచేసేశాం కదరా."

"అవును ఉస్తాద్. మిగతా పందొమ్మిది రోజులూ బాగుపడ్డదాన్నే విప్పాం."

ఎక్కువున్న నీళ్లు సన్న గొట్టంతో గీత దాకా తోడేశాడు. అత్త కంచం కడిగించుకుంది. "సరే. తోంగ్‌పాల్ అంటే తోంగ్‌పాలే. పాండి. ఒక్కరు దాని మూత ముట్టద్దు."

ఇప్పటిదాకా జరిగింది సులువు. చుక్క పడకుండా చూడొచ్చు, ఆ దారిలో జనం నీళ్లు పోయకుండా ఆపడం ఎవరి తరం? తర్వాతి నాకాలో బానెట్ ఎత్తగానే జవాను సీసాతో వచ్చాడు. అత్త దిగి అడ్డం నిలబడింది.

"మత్ డాలో భయ్యా."

"అరే మౌసీ, గాడీ ప్యాసీ హై."

వద్దంటే నొచ్చుకునేట్టున్నాడు. ఒకరు ప్రేమగా ఇచ్చిన నీళ్లు కాదనడం మా వైపు అలవాటు లేని పని. అత్త ఒక్క క్షణం ఆలోచించి, సీసా అందుకుని, మొత్తం తనే తాగేసింది. జవాను సంతోషించాడు. ఆ తర్వాతి నాకాలోనూ అంతే. మధ్యలో ఒక పల్లె దగ్గర, మామ బండిని ఎరిగిన ముసలాయన సొరబుర్రలో నీళ్లు పట్టుకొస్తే, అవీ తాగింది. బండి కోసం వచ్చిన ప్రతి చుక్కా ఆమె తాగింది. తోంగ్‌పాల్ చేరేలోపు రెండుసార్లు బండి ఆపించింది. ఎందుకో రాయక్కర్లేదు. ఆ రెండుసార్లూ మేం ముగ్గురం రోడ్డుకి అటువైపు తిరిగి వ్యవసాయం గురించి మాట్లాడుకున్నాం.

తోంగ్‌పాల్‌లో సంత లేదు. ఉన్న నలుగురూ మా చుట్టూ మూగారు. ఒక పాత కారు కింద ఖాళీ కంచం పెట్టి, నలుగురు మనుషులు చతికిలబడి దాన్నే చూస్తుంటే ఎవరు మాత్రం వెళ్లిపోగలరు? ఒకాయన ఇదేం పూజని అడిగాడు. ఐదు నిమిషాలు. పది. మామ పెదవులు ఆడుతున్నాయి. ఉస్తాద్ కంచం మీదకి పూర్తిగా వంగిపోయాడు.

టప్.

కంచంలో ఒక చుక్క.

మామ కళ్లు మూసుకున్నాడు. అత్త కంచాన్ని చూసింది, ఆ చుక్కను చూసింది, దాని పైన సరిగ్గా ఏముందో చూసింది. ఉస్తాద్ ముక్కు కొసన రెండో చుక్క సిద్ధంగా ఉంది.

"ఉస్తాదూ, నీ మొహం పక్కకు పెట్టు."

పెట్టాడు. కంచం తుడిచి మళ్లీ పెట్టింది. ఇంకో పావుగంట చూశాం. ఏమీ లేదు. అంతగా ఏమీ లేకపోవడాన్ని నేనెప్పుడూ చూడలేదు. మామ లేచి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక వైపుకు వెళ్లి, చాలాసేపు అక్కడే టైరు చూస్తూ నిలబడ్డాడు. టైరుకి ఏమీ కాలేదు. మేమెవరం అటు వెళ్లలేదు.

శుక్రవారం కబాడీవాలా లారీతో సహా వచ్చాడు. అత్త బండి ఇవ్వనంది. అంత దూరం నుంచి వచ్చి ఖాళీగా ఎలా పోతానని ఆయన గొడవ. అప్పుడు ఉస్తాద్ షెడ్డు మూల చూపించాడు. మేం మార్చిన రేడియేటర్, పంపు, గొట్టాలు అక్కడ గుట్టగా ఉన్నాయి. ఆ పగిలిన పైగొట్టం తప్ప అన్నీ ఏ రోగమూ లేనివే. మోసుకెళ్లి నేనే లారీలో వేశాను. కారు పోలేదు గానీ, ఆరోగ్యంగా ఉన్న సగం కారు పోయింది.

"అసలు రోగమేంది ఉస్తాదూ?" అని అత్త అన్నీ తెలిసీ ఆ రోజు నలుగురి ముందు అడిగింది. ఆయన గౌరవం పోయే చోటు అది. అబద్ధం చెప్పగలడు, డంపర్ల భాషలో చెబితే ఎవరికీ తెలియదు కూడా. ఉస్తాద్ చేతులు తుడుచుకుని, "గొట్టం పగిలిందమ్మా, మార్చాం. ఆ తర్వాత మా ముగ్గురికీ భయం పట్టుకుంది. అది మార్చడానికి పార్టు దొరకలేదు" అన్నాడు. ఆయన దగ్గర ఐదేళ్లు చేశాను. ఆయన చెప్పిన గెలుపు కథలన్నీ మర్చిపోయాను, ఈ మాట మర్చిపోలేదు.

బండి మళ్లీ తిరగడం మొదలైంది. జనం చెయ్యెత్తడం మొదలుపెట్టారు. మామ కుర్చీలు మోయలేదు. కాకపోతే అత్తకి ఆయన చేతి మీద నమ్మకం కుదరలేదు. బానెట్ ఎత్తితే చెయ్యి ఊరుకోదని ఆమెకు తెలుసు. ఆ రోజు నుంచి ముందు సీటు ఆమెది. నాకా రాగానే దిగి డబ్బా పక్కన నిలబడుతుంది. నీళ్లు తెచ్చినవాళ్ల నీళ్లు తాగుతుంది. పనిలో పనిగా జనాన్ని సర్దుతుంది, బుట్టలు సర్దుతుంది, మామ ఎక్కడ బ్రేకు వేయాలో చెబుతుంది.

నెల తర్వాత షెడ్డు ముందు ఆగినప్పుడు మామ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"బామ్మర్ది కాడనే నయముండెనేమో అల్లుడా. ఆడు సాయంత్రమైతే ఇంటికి పంపేటోడు."

"ఏమయ్యో!" ముందు సీట్లోంచి కేక. "ముచ్చట్లు చాలు, ఎక్కు. జనం కూసున్నరు."

"వస్తన్ననే" అని మామ పరుగెత్తాడు. ఎక్కే ముందు జేబులోంచి గమ్చా తీసి, అద్దం తుడిచాడు. తన వైపు కాదు, ఆమె వైపు, రెండుసార్లు, గీత పడకుండా. తర్వాత తన సీట్లోకెక్కి హారన్ అవసరానికన్నా గట్టిగా కొట్టాడు.

బండి కదిలిపోయాక వంగి చూశాను. నేల పొడిగా ఉంది.